చేతి దురద వెనుక మొన్నటి పని

ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. ఈ మూడింటి కొసల్లోనే చర్మం గరుకెక్కి, సన్నగా చీలి, ఉండుండి దురద పెడుతుంది. ఉప్పు తగిలితే భగ్గుమంటుంది. పక్కనే ఉన్న ఉంగరపు వేలు, చిటికెన వేలు శుభ్రంగా ఉంటాయి. కుడి చేతికి ఏమీ ఉండదు. ఇలాంటి చెయ్యి చూడగానే చర్మవైద్యులకు ముందుగా తట్టేది వెల్లుల్లి. కుడిచేతి వాటం ఉన్నవాళ్లు కత్తిని కుడి చేత్తో పట్టి, రెబ్బను ఎడమ చేతి మూడు వేళ్లతో నొక్కి పట్టుకుంటారు. కోసిన ప్రతిసారీ రసం ఆ మూడు కొసలకే అంటుతుంది. అందులోని డైఅల్లైల్ డైసల్ఫైడ్ అనే గంధక పదార్థం కొందరి చర్మానికి సరిపడదు. ఎడమచేతి వాటం వాళ్లకైతే ఇదంతా కుడి చేతి మీద కనిపిస్తుంది. మామూలు గ్లవ్స్‌లో చాలా రకాలను దాటి ఈ పదార్థం లోపలికి దిగుతుంది. అందుకే గ్లవ్స్ వేసుకున్నా తగ్గలేదని చెప్పి వెల్లుల్లిని వదిలేయడానికి లేదు.

చేతి మీద దురద, ఎర్రదనం, వాపు వచ్చి ఎందుకొచ్చిందో అంతుపట్టనప్పుడు మన ఇళ్లలో రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి 'వేడి చేసింది'. రెండోది 'ఏదో పడలేదు'. ఆ వెంటనే పథ్యం మొదలవుతుంది. వంకాయ మానేస్తారు, గోంగూర మానేస్తారు, చేపలు, గుడ్లు, వేరుసెనగలు అన్నీ కంచంలోంచి వెళ్లిపోతాయి. నెల గడిచినా చెయ్యి అలాగే ఉంటుంది. 'పడలేదు' అన్న మాట నిజానికి తప్పు కాదు, చాలాసార్లు అదే సరైన రోగ నిర్ధారణ. పొరపాటల్లా పడనిదాన్ని కంచంలో వెతకడంలో ఉంది. తిన్నది పడకపోతే సాధారణంగా నిమిషాల నుంచి రెండు గంటలలోపు తెలిసిపోతుంది. ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి, పెదాలు ఉబ్బుతాయి, కడుపులో తిప్పుతుంది. కడుపులోకి వెళ్లింది ఒక్క చేతినే ఎంచుకుని, అందులోనూ రెండు మూడు వేళ్లనే పట్టుకుని నెలల తరబడి వేధించడం అరుదు. చేతికే పరిమితమైన దురదకు కారణం ఎక్కువగా ఆ చెయ్యి ముట్టుకున్నదే.

ముట్టుకున్నది చర్మాన్ని రెండు దారుల్లో దెబ్బతీస్తుంది. మొదటిది రాపిడి లాంటిది, ఎవరికైనా వస్తుంది. చర్మం పైపొరను ఇటుకల గోడ అనుకుంటే, ఇటుకల మధ్య సున్నంలా కొవ్వు పదార్థం ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న చర్మం కొంచెం ఆమ్ల గుణంతో, పీహెచ్ 5 దగ్గర ఉంటుంది. మామూలు సబ్బు పీహెచ్ 9, 10 దాకా పోతుంది. రోజుకు నాలుగుసార్లు అంట్లు, రెండు బకెట్ల బట్టలు, ఇల్లు తుడవడం, మధ్యలో పిల్లల పనులు. ప్రతిసారీ ఆ కొవ్వు కాస్త కాస్త కరిగిపోతుంది. రోజులో 2 గంటలకు మించి చేతులు తడిలో ఉన్నా, మాటిమాటికీ కడుక్కున్నా దాన్ని తడిపనిగా లెక్కవేసి, చేతులకు ముప్పు ఉన్న ఉద్యోగంగా చూసే నిబంధనలు జర్మనీలో ఉన్నాయి. ఆ లెక్కన మన ఇళ్లలో వంటగది చూసుకునే ఆడవాళ్లలో చాలామందిది ముప్పున్న ఉద్యోగమే. జీతం లేదు కాబట్టి ఎవరూ దాన్ని అలా చూడరు.

ఈ రకం దురద తరచూ ఉంగరం కింద మొదలవుతుంది. సబ్బు నీళ్లు ఉంగరానికీ వేలికీ మధ్య నిలిచిపోతాయి, ఎంత కడిగినా పూర్తిగా పోవు. అక్కడ గుండ్రంగా ఎర్రటి పట్టీ ఏర్పడుతుంది. 'బంగారం పడటం లేదు' అనుకుంటారు. ఉంగరం తీసి, చెయ్యి బాగా కడిగి తుడిచి, ఉంగరాన్ని విడిగా తోమి ఆరబెట్టి చూస్తే పది రోజుల్లో తేడా తెలుస్తుంది. తగ్గకపోతే అప్పుడు లోహాన్ని అనుమానించాలి. అదీ ముందుగా బంగారాన్ని కాదు, అందులో కలిసిన నికెల్‌ను.

రెండో దారి అలర్జీ. ఇది అందరికీ రాదు, వచ్చినవాళ్లను వదలదు. కారణం దొరకకుండా జనాన్ని ముప్పుతిప్పలు పెట్టేది ఎక్కువగా ఇదే. చర్మంలో కాపలా కణాలు ఉంటాయి. కొత్త రసాయనం లోపలికి దిగితే అవి దాన్ని పట్టుకుని దగ్గర్లోని లింఫు గ్రంథికి మోసుకెళ్తాయి. అక్కడ టి కణాలు అనే రోగనిరోధక కణాలు దాని ఆనవాలు నేర్చుకుంటాయి. ఈ నేర్చుకునే పనికి 10 నుంచి 14 రోజులు పడుతుంది, ఆ రోజుల్లో చేతి మీద ఏమీ కనిపించదు. ఆ తర్వాత అదే పదార్థం మళ్లీ తగిలితే దండు కదులుతుంది. అయితే వెంటనే కాదు. దురద, ఎర్రదనం, పొక్కులు బయటపడేది 24 నుంచి 72 గంటల మధ్య.

ఈ ఆలస్యమే అసలు చిక్కు. ఆదివారం ఆవకాయకు కాయలు కోశారనుకుందాం. సోమవారం ఏమీ లేదు. మంగళవారం రాత్రి వేళ్ల వెనక చిమచిమలాడింది. బుధవారం పొద్దున్నకి చెయ్యి ఉబ్బింది. మంగళవారం మధ్యాహ్నం ఏం తిన్నారు, ఏ సబ్బు వాడారు అని ఇంట్లో అందరూ అడుగుతారు. మంగళవారం గుత్తివంకాయ వండి ఉంటే దోషం దానిదే అయిపోతుంది. ఆదివారం నాటి మామిడికాయ ఎవరికీ గుర్తు రాదు. అలర్జీ విషయంలో నిన్నటి పనికన్నా మొన్నటి పని, అటుమొన్నటి పని ముఖ్యం. దురద మొదలైన గంట నుంచి వెనక్కి మూడు రోజులు లెక్కపెట్టి, ఆ మూడు రోజుల్లో చెయ్యి దేన్ని ముట్టుకుందో కాగితం మీద రాస్తే సగం కేసు అక్కడే తేలుతుంది.

దీనికి తోడు మరో అపోహ ఉంది. 'ఇరవై ఏళ్లుగా వాడుతున్నదే, ఇప్పుడెందుకు పడదు' అంటారు. అలర్జీ సాధారణంగా వచ్చేదే అలా. ఎప్పుడూ తగలని వస్తువుకు శరీరం అలర్జీ నేర్చుకోలేదు. తరచూ తగిలేదాన్నే ఏదో ఒక రోజు శత్రువుగా గుర్తిస్తుంది. ఏళ్ల తరబడి ఒకే పని చేసిన తాపీమేస్త్రికి, వంటమనిషికి, బ్యూటీపార్లర్‌లో పనిచేసే అమ్మాయికి నడివయసులో మొదలవడం అందుకే.

జీడి కుటుంబం

ఆవకాయ ఉదాహరణ ఊరికే తీసుకున్నది కాదు. మామిడి, జీడిమామిడి, నల్లజీడి ఒకే వృక్ష కుటుంబానివి. వీటన్నిటి సొనలో చర్మాన్ని రెచ్చగొట్టే రసాయనాలు దగ్గరి చుట్టాలు. మామిడికాయ తొడిమ విరిచినప్పుడు చిమ్మే సొన పెదవి మూలల్లో పుండు చేస్తుందని చిన్నపిల్లలకు కూడా తెలుసు. అదే సొన, తొక్కలోని అదే రసం పాతిక కాయలు కోసిన చేతికి అంటితే ఏమవుతుందో మాత్రం అంతగా ఆలోచించరు. తొక్క తీసిన పండును హాయిగా తినగలిగేవాళ్లకు కూడా తొక్క తగిలితే చెయ్యి పొక్కవచ్చు. ఆవకాయ కలిపే చేతికి దానికి తోడు ఆవపిండి, కారం, ఉప్పు. సొనతో తెగిన చర్మంలోకి అవి ఇంకా సులువుగా దిగుతాయి. కారంతో వచ్చే మంట వేరే సంగతి. అది నరాల మీద కారంలోని క్యాప్సైసిన్ చేసే పని, చర్మం మీద పెద్దగా మచ్చ కనిపించకుండానే గంటల తరబడి మండుతుంది. నీళ్లకు లొంగదు. ముందు నూనె రాసి, తర్వాత సబ్బుతో కడిగితే కొంత నయం.

శ్రీకాకుళం జిల్లా పలాసలో జీడిపప్పు పరిశ్రమ మీద వేలమంది బతుకుతున్నారు, ఎక్కువమంది ఆడవాళ్లు. జీడిగింజ పెంకు రెండు పొరల మధ్య తేనెపట్టు లాంటి గుల్లలో ముదురు గోధుమరంగు నూనె ఉంటుంది. అందులోని అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ చర్మాన్ని కాలుస్తాయి, కొందరికి అలర్జీ కూడా తెస్తాయి. గింజ పగలగొట్టేటప్పుడు ఆ నూనె అంటి వేళ్లు నల్లబడతాయి, తోలు ఊడుతుంది. చేతులకు ఆముదమో బూడిదో రాసుకుని పని చేయడం ఈ పనిలో ఉన్నవాళ్లకు అలవాటు. తెల్లటి పప్పు మనకు ఎంత నున్నగా చేరుతుందో, దాన్ని వొలిచిన వేళ్లు అంత నున్నగా ఉండవు.

నల్లజీడి ఇంకా ఘాటైనది. ఆ గింజ రసానికి సున్నం కలిపి బట్టల మీద గుర్తు పెడితే ఎన్ని ఉతుకులకూ పోదు. రజకులు తరతరాలుగా వాడిన సిరా అది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో భారతదేశంలో ఉన్న విదేశీ సైనికుల్లో కొందరికి మెడ వెనకా నడుము దగ్గరా చిన్న చిన్న దురద మచ్చలు లేచాయి. సైనిక వైద్యులు చూసి చూసి చివరికి చొక్కా కాలరు లోపల, ప్యాంటు పట్టీ లోపల పెట్టిన ఉతుకు గుర్తు దగ్గర ఆగారు. మచ్చ సరిగ్గా గుర్తు ఉన్నంత మేరే ఉంది. ధోబీ మార్క్ డెర్మటైటిస్ అన్న పేరు వైద్య గ్రంథాల్లోకి అలా ఎక్కింది. ఒంటి మీద మచ్చ ఆకారాన్ని, దానికి తగిలిన వస్తువు ఆకారంతో సరిపోల్చడం అనే పద్ధతికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం. నాటువైద్యంలో నల్లజీడి రసం నేరుగా పూయడం ఇప్పటికీ ఉంది. దానివల్ల చర్మం కాలి ఆస్పత్రికి వచ్చేవాళ్లూ ఉన్నారు.

అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లకు ఇదే కుటుంబం ఇంకో రూపంలో ఎదురవుతుంది. పెరట్లో కలుపు పీకినా, ట్రెక్కింగ్‌కు వెళ్లినా ఒక్కో కాడకు మూడేసి ఆకులున్న పాయిజన్ ఐవీ తగిలి, రెండు రోజుల తర్వాత చెయ్యంతా గీతలు గీతలుగా పొక్కుతుంది. అందులోని యురుషియాల్ మన మామిడి తొక్కలోని రసానికి బంధువు. అందుకే ఆ తీగ వల్ల ఒకసారి బాధపడినవాళ్లకు మామిడి తొక్కతోనూ ఇబ్బంది రావచ్చు. పొక్కుల్లోని నీళ్లు తగిలి ఇతర చోట్లకు పాకుతుందని భయపడతారు, అది నిజం కాదు. ఆ నీళ్లలో యురుషియాల్ ఉండదు. ఎక్కువ అంటిన చోట ముందు, తక్కువ అంటిన చోట ఆలస్యంగా లేవడం వల్ల పాకుతున్నట్టు కనిపిస్తుంది. అయితే తోటపని కత్తెరకు, బూట్ల తాడుకు అంటిన రసం చాలాకాలం అలాగే ఉండిపోయి మళ్లీ మళ్లీ తగలగలదు.

గోరింటాకు విషయంలోనూ ఇలాంటి తికమకే. ఆషాఢంలో చెట్టు ఆకు కోసి రుబ్బి పెట్టుకునే గోరింటాకు చాలా తక్కువమందికే పడదు. గంటల తరబడి ఉంచితే గానీ పండదు, పండినా ఎరుపు, నారింజ రంగులే వస్తాయి. అరగంటలో నల్లగా పండే 'బ్లాక్ మెహందీ'లో ఉండేది తరచూ పారాఫినైలిన్ డైఅమీన్. తలకు వేసే నల్ల రంగుల్లో వాడేది ఇదే. ఐరోపా దేశాల్లో తల రంగులో దీన్ని కలిపాక 2 శాతం మించనివ్వరు, ఒంటి చర్మం మీద ముగ్గులు వేయడానికి అసలు అనుమతి లేదు. పెళ్లికి పెట్టిన డిజైన్ ఎలా ఉందో, రెండు మూడు రోజుల తర్వాత పొక్కులు అదే తీగ, అదే పువ్వు ఆకారంలో లేస్తాయి. ఒకసారి ఈ అలర్జీ వచ్చిందంటే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. ఇరవై ఏళ్ల తర్వాత తెల్లవెంట్రుకలకు మొదటిసారి రంగు వేసిన రోజు కళ్లు మూసుకుపోయేంతగా ముఖం వాచిపోవచ్చు. ఆడపిల్లల చేతులకు కోన్ పెట్టించే ముందు పెద్దవాళ్లు దీని గురించి నిజంగా ఆలోచించాలి.

చేతిలో ఏ చోటు?

సమయం తర్వాత అడగాల్సింది చోటు. వేళ్ల సందుల్లో, మణికట్టు ముడతల్లో దురద పెడుతూ, రాత్రి దుప్పటి కప్పుకున్నాక ఎక్కువైతే, ఇంట్లో ఇంకొకరు కూడా గోక్కుంటుంటే అది గజ్జి. ఆడ గజ్జిపురుగు పొడవు అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఒంటి మీద మొత్తం కలిపి పది పదిహేనే ఉంటాయి, దురద మాత్రం ఒళ్లంతా. ఇక్కడా ఆలస్యం ఉంది. మొదటిసారి సోకినప్పుడు దురద మొదలవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. హాస్టల్ నుంచి సెలవులకు వచ్చిన పిల్లాడికి ఏమీ లేదని అందరూ ఒకే మంచం మీద పడుకుంటారు, నెల తిరిగేసరికి ఇల్లంతా గోకుడు. పెర్మెత్రిన్ 5 శాతం క్రీమును మెడ నుంచి కాలివేళ్ల దాకా రాత్రికి రాసి పొద్దున కడగడం, వారం తర్వాత మళ్లీ రాయడం సాధారణ వైద్యం. ఇంట్లో అందరూ ఒకే రాత్రి రాయకపోతే ఆ మందంతా వృథా. పురుగు చచ్చాక కూడా రెండు మూడు వారాలు దురద ఉంటుంది. మందు పనిచేయలేదని మళ్లీ మళ్లీ పూస్తే చర్మం మండిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో గజ్జిని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. శుభ్రత లేనివాళ్లకే వస్తుందన్న చిన్నచూపు వల్ల కుటుంబాలు దీన్ని దాస్తాయి, దాచడం వల్లే పాకుతుంది.

వేళ్ల పక్కల్లో, అరచేతిలో సగ్గుబియ్యం గింజలు చర్మం కింద పొదిగినట్టు సన్నటి నీటి పొక్కులు లేస్తే అది పోంఫోలిక్స్ అనే రకం ఎగ్జిమా, అంటే చర్మం ఎర్రబడి దురద పెట్టే జబ్బు. వైద్య పుస్తకాలు కూడా దీన్ని సగ్గుబియ్యంతోనే పోలుస్తాయి. నిద్ర పట్టనివ్వనంత దురద. ఎండాకాలంలో, టెన్షన్‌గా ఉన్న రోజుల్లో ఎక్కువవుతుంది. దీనికి కొన్నిసార్లు కారణం చేతిలో ఉండదు, కాళ్లలో ఉంటుంది. కాలివేళ్ల సందుల్లో ఫంగస్ చేరితే దానికి ప్రతిస్పందనగా చేతుల్లో పొక్కులు రావచ్చు. అందుకని చేతి దురదతో వచ్చినవాళ్ల చెప్పులు విప్పించి పాదాలు చూడటం మంచి వైద్యుల అలవాటు. రెండు పాదాలూ పొడిబారి పొట్టు లేస్తూ, ఒక్క అరచెయ్యి మాత్రమే అలా ఉంటే ఫంగస్ అనుమానం ఇంకా బలపడుతుంది.

మణికట్టు చుట్టూ అయితే గిల్టు గాజులు, వాచీ వెనక భాగం, అంటే నికెల్. మోచేతుల దాకా, మెడ మీద, కనురెప్పల మీద కూడా ఉండి, పొలానికో ఖాళీ స్థలానికో వెళ్లినప్పుడల్లా పెరిగితే వయ్యారిభామ. ఆ మొక్క ఎండిన పొడి గాలిలో ఎగిరినా చాలు.

చేతి మీద పొడుగ్గా, కొరడాతో కొట్టినట్టు ఎర్రటి గీత, దురదకన్నా మంట ఎక్కువ, మధ్యలో చిన్న చీము పొక్కులు. వానాకాలంలో ట్యూబ్‌లైటు కింద పడుకున్న మర్నాడో ఆ మర్నాడో ఇది కనిపిస్తే సాలీడు పాకిందంటారు, బల్లి పడిందంటారు. పాకింది చీమంత సన్నటి పురుగు, ఒళ్లు నారింజ, నలుపు పట్టీలతో ఉంటుంది. శాస్త్రనామం పెడెరస్. అది కుట్టదు, కరవదు. నిద్రలో చేత్తో నలిపేసినప్పుడు దాని ఒంట్లోని పెడెరిన్ చర్మానికి అంటి కాలుస్తుంది. మోచేతి మడతలో నలిగితే రెండు వైపులా అచ్చు గుద్దినట్టు జంట మచ్చలు పడతాయి. ఒంటి మీద కనిపిస్తే నలపకుండా ఊదేయాలి, ఆ చోటు వెంటనే సబ్బుతో కడగాలి. వరిపొలంలో ఈ పురుగు సుడిదోమను తినే రైతు నేస్తం, పొలంలో దాన్ని చంపనక్కర్లేదు.

మునగచెట్టు గొంగళిపురుగు నూగు తగిలితే గోకకుండా అంటుకునే టేపు వేసి లాగేస్తే కొంత నూగు వచ్చేస్తుంది. దూలగొండి నూగుది వేరే కథ. అందులో మ్యూకునైన్ అనే ఎంజైమ్ ఉందని 1955లోనే కనుక్కున్నారు. అది అలర్జీలో దురద పుట్టించే హిస్టమిన్ అనే రసాయనంతో పని లేకుండా దురద నరాలను నేరుగా తట్టిలేపుతుంది. అలర్జీ మాత్రలు హిస్టమిన్‌నే అడ్డుకుంటాయి కాబట్టి ఈ దురద మీద అంతగా పనిచేయవు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని సామెత. కందకూ లేదు, కత్తిపీటకూ లేదు, మధ్యలో ఉన్న చేతికి ఉంది. కందలోని కాల్షియం ఆక్సలేట్ సూదులు కంటికి కనిపించనంత సన్నగా చర్మంలో దిగుతాయి. ముందే చేతికి నూనె రాసుకుని కోయడం వంటింటి అనుభవం, అది పనిచేస్తుంది.

తామర అన్న మాటతో వచ్చిన చిక్కు

తెలుగులో 'తామర' అనే ఒక్క మాట రెండు జబ్బులకు వాడతాం. ఫంగస్ వల్ల వచ్చే గుండ్రటి మచ్చా తామరే, ఎగ్జిమా కూడా తామరే. ఈ రెండింటి వైద్యం ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధం. ఎగ్జిమాను అణచే స్టెరాయిడ్ పూత ఫంగస్‌కు ఎరువు. ఫంగస్‌ను చంపే మందు ఎగ్జిమాను తాకను కూడా తాకదు. మెడికల్ షాపు ముందు నిలబడి 'తామరకు ఏదైనా ఇవ్వండి' అంటే, షాపతను కూడా ఏది అని అడగకుండా, రెండూ కలిపిన ట్యూబు చేతిలో పెడతాడు. స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయోటిక్ మూడూ కలిపినవి కూడా ఉన్నాయి.

రాసిన రెండు రోజుల్లో దురద మాయం. అదే ప్రమాదం. స్టెరాయిడ్ దురదను, ఎరుపును తుడిచేస్తుంది, ఫంగస్ కింద కింద పాకుతూ ఉంటుంది. ఆపగానే రెట్టింపు వస్తుంది, మళ్లీ ట్యూబు. అప్పటికి మచ్చకు ఉండాల్సిన గుండ్రటి అంచు చెరిగిపోయి, చూసిన వైద్యుడికి కూడా ఇది ఏమిటో పోల్చుకోవడం కష్టమవుతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. మందుల దుకాణాల్లో ఆ నియమం ఎంతవరకు నడుస్తోందో కొనేవాళ్లందరికీ తెలుసు. ఈలోగా మామూలు మందులకు లొంగని ఫంగస్ దేశమంతా పాకింది. 2020లో దానికి పెట్టిన శాస్త్రనామం ట్రైకోఫైటాన్ ఇండోటినియే. మన దేశం పేరు ఒక మొండి చర్మవ్యాధికి అతుక్కోవడం బాధగా ఉంటుంది. స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు. ఎగ్జిమాకు సరైన బలంలో, సరైన రోజులు, డాక్టరు చెప్పినట్టు వాడితే దానికి సాటి వచ్చేవి తక్కువ. రోగమేమిటో తెలియకముందే రాయడం వల్లే ఇంత నష్టం.

పైపూతల్లోనే ఇంకొక చిక్కు ఉంది. నియోమైసిన్ లాంటి యాంటీబయోటిక్ పూతలకే కొందరికి అలర్జీ వస్తుంది. పుండుకు రాసిన కొద్దీ పుండు పెద్దదవుతుంటే మందునే అనుమానించాలి.

వాపు

అరచేతి చర్మం లోపలి పొరలకు గట్టిగా అతుక్కుని ఉంటుంది, చేతి వెనక చర్మం వదులుగా ఉంటుంది. పైగా చేతిలోని లింఫు ద్రవం ఎక్కువగా వెనక వైపు నుంచే పైకి పోతుంది. అందువల్ల జబ్బు అరచేతిలో ఉన్నా వాపు చేతి వెనకే కనిపించవచ్చు. వాచిన చోటనే చూసి ఆగిపోతే అరచేతిలో దిగిన ముల్లు, అక్కడ పట్టిన చీము తప్పిపోతాయి. వాపు మొదలవగానే చేయాల్సిన మొదటి పని ఉంగరాలు, గాజులు తీసేయడం. ఆలస్యమైతే కట్ చేయించాల్సి రావచ్చు.

దద్దురును గుర్తుపట్టడానికి బాల్‌పెన్ చాలు. లేచిన మచ్చ అంచు వెంట గీత గీసి టైము రాయాలి. 24 గంటలలోపు అది ఆనవాలు లేకుండా పోయి, ఇంకో చోట లేస్తే అది దద్దుర్లు, అలర్జీ మాత్ర పనిచేసే రకం. అక్కడే ఉండిపోయి పొక్కులు, పొట్టు మొదలైతే ఎగ్జిమా జాతి. గీత దాటి ఎరుపు గంటగంటకూ ముందుకు జరుగుతూ, ముట్టుకుంటే వేడిగా, దురదకన్నా నొప్పి ఎక్కువగా ఉంటే, చంకలో బిళ్ల కట్టి జ్వరం వస్తే అది సెల్యులైటిస్. చర్మం లోపల బాక్టీరియా పాకుతోందన్నమాట. షుగర్ ఉన్నవాళ్లు దీన్ని మర్నాటికి వాయిదా వేయకూడదు.

చేతి వాపుతో పాటు పెదవులు, నాలుక ఉబ్బడం, గొంతు బిగుసుకుపోవడం, ఊపిరి ఆడకపోవడం, కళ్లు తిరగడం ఉంటే ఇంట్లో మాత్ర వెతుకుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి. దురద ఏమాత్రం లేకుండా పెదవో నాలుకో ఉబ్బుతుంటే బీపీ మాత్ర పేరు చూడాలి. ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటి 'ప్రిల్'తో ముగిసే మందులు నెలల తర్వాత కూడా ఇలా చేయగలవు. నేల మీదో పొలం గట్టునో పడుకుని లేచేసరికి ఒక్క చెయ్యి వాచి, వాపు పైకి పాకుతుంటే పాముకాటు కాదని తేలేదాకా ఆస్పత్రిలోనే ఉండాలి.

చర్మం మీద మచ్చ ఉండి దురద లేకపోవడం, అక్కడ గిల్లినా తెలియకపోవడం ఇంకో హెచ్చరిక. కుష్ఠు తొలిదశ అలా ఉంటుంది. ప్రభుత్వ ఆస్పత్రుల్లో దానికి మందు ఉచితం, పూర్తిగా నయమవుతుంది.

వీపు మీద 48 గంటలు

ఇంత వెతికినా దొరకనప్పుడు ప్యాచ్ టెస్ట్ ఉంది. యోసెఫ్ యాడాసోన్ అనే చర్మవైద్యుడు 1895లో వివరించిన పద్ధతి అది. అనుమానం ఉన్న రసాయనాలను చిన్న చిన్న అల్యూమినియం గిన్నెల్లో పెట్టి వీపు మీద టేపుతో అతికిస్తారు. 48 గంటలు ఉంచి తీస్తారు, ఆ తర్వాత ఒకటి రెండు రోజులకు మళ్లీ చూస్తారు. ఎక్కడ ఎర్రబడి పొక్కిందో ఆ గిన్నెలోనిదే దోషి. భారతీయులకు ఎక్కువగా తగిలే పదార్థాలతో ప్రత్యేకంగా తయారైన వరుస కూడా మన దేశంలో వాడుకలో ఉంది. అలర్జీ రక్తపరీక్షల పేరుతో వంద తిండి పదార్థాల జాబితా చేతిలో పెట్టి పంపే పరీక్షతో దీనికి సంబంధం లేదు. ఆ రక్తపరీక్ష వేరే రకం అలర్జీని చూస్తుంది, చేతి ఎగ్జిమాకు జవాబు చెప్పదు.

కారణం దొరికితే ఎంత మారుతుందో చెప్పడానికి సిమెంటు చాలు. తడి సిమెంటు క్షారగుణంతో చర్మాన్ని కాలుస్తుంది, అది అందరికీ. అందులోని ఆరు వేలెన్సీ క్రోమియం కొందరికి అలర్జీ తెస్తుంది, వచ్చిందంటే మొండిగా ఏళ్ల తరబడి ఉంటుంది. డెన్మార్క్‌లో 1980లలో సిమెంటులో కాస్త ఫెర్రస్ సల్ఫేట్ కలపడం మొదలుపెట్టారు. అది ఆ క్రోమియాన్ని చర్మంలోకి దిగలేని రూపంలోకి మారుస్తుంది. అక్కడి మేస్త్రీల్లో ఈ అలర్జీ తగ్గిపోయింది. 2005 జనవరి నుంచి యూరోపియన్ యూనియన్ మొత్తంలో తడి సిమెంటులో ఈ క్రోమియం పది లక్షల్లో 2 వంతులకు మించకూడదని నియమం వచ్చింది. మన దగ్గర చేతులు పగిలిన మేస్త్రికి ఎవరైనా చెప్పేది ఇప్పటికీ 'పని మానేయ్' అనే. పని మానేస్తే ఇల్లు గడవదు.

చెయ్యి నయమయ్యేటప్పుడు కూడా ఆలస్యం తన పని తాను చేస్తుంది. దురద, ఎరుపు రెండు మూడు వారాల్లో పోతాయి. చర్మం చూడటానికి మామూలుగా ఉంటుంది. లోపలి ఇటుకల గోడ మునుపటి గట్టిదనానికి రావడానికి మాత్రం నాలుగైదు నెలలు పడుతుంది. చాలామంది తగ్గిందనుకుని మూడో వారంలోనే ఒట్టి చేతులతో అంట్ల ముందు కూర్చుంటారు. ఆ నాలుగైదు నెలలూ లోపల నూలు గ్లవ్స్, పైన రబ్బరు గ్లవ్స్ ఉండాలి, చెమట పట్టేలోపు తీసేయాలి. చెయ్యి తడిసిన ప్రతిసారీ తుడుచుకుని వాసన లేని వాజలీన్ లాంటిదో, కొబ్బరినూనో రాయాలి. స్నానం తర్వాత, పడుకునే ముందు మరీ తప్పనిసరి. వెల్లుల్లి వలిచే పని ఈలోగా ఇంట్లో ఇంకొకరిది.